మధ్యయుగపు బైబిలులోలా మొదటి అక్షరానికి బంగారం అద్దడం ఎలా?

“బంగారు రేకు అంటుకోవడం లేదు, ఏం చేయాలి?” క్రిస్మస్ దగ్గరపడేకొద్దీ నాకు వచ్చే ప్రశ్నల్లో సగం ఇదే. పాత లాటిన్ బైబిళ్ల ఫొటోలు చూసి ముచ్చటపడతారు. అలాంటి అక్షరంతో ఒక వాక్యం రాసి ఫ్రేము కట్టించి ఇవ్వాలనుకుంటారు. రేకు కొని అతికించబోతే సగం అంటుతుంది, సగం ఊడి వస్తుంది. రేకు నాసిరకమనుకుని ఇంకో కట్ట కొంటారు.

రేకులో తప్పు ఉండటం చాలా అరుదు. కింద వేసిన పూతలోనో, గదిలోని గాలిలోనో ఉంటుంది. ఆ పూత ఊపిరి తేమకు జిగటగా మారి రేకును పట్టుకుంటుంది. అందుకే ఈ వ్యాసంలో బంగారం గురించి తక్కువగా, పూత గురించి, తేమ గురించి ఎక్కువగా చెబుతున్నాను.

పని వరస తెలియాలంటే ఇంగ్లండులోని వించెస్టర్ కెథడ్రల్‌లో ఉన్న 12వ శతాబ్దపు బైబిలు చూడండి. 468 ఆకులు, 58 సెంటీమీటర్ల ఎత్తు పేజీలు. అలంకరణ మధ్యలో ఆగిపోయింది. మనకు అదే మేలైంది. కొన్ని అక్షరాలు గీతల దగ్గరే ఉన్నాయి, కొన్నిటికి బంగారం అద్ది రంగులు వేయలేదు, కొన్ని పూర్తయ్యాయి. ముందు గీత, తర్వాత బంగారం, చివర రంగు అని ఆ పేజీలే చెబుతున్నాయి. ఈ వరస తిప్పితే ఏమవుతుందో కింద చెబుతాను.

మనం చేయబోయేది ఆదికాండం మొదటి అక్షరం. లాటిన్‌లో ఆ పుస్తకం “ఇన్ ప్రిన్సిపియో” అని మొదలవుతుంది. అందుకే అప్పటి చిత్రకారులు ‘I’ అక్షరాన్ని పేజీ పొడవునా నిలువు పట్టీలా దించి, అందులో ఏడు గుండ్రాలు పెట్టి, సృష్టి జరిగిన రోజుల బొమ్మలు వేసేవారు. 13వ శతాబ్దపు బైబిళ్లలో ఇది బాగా కనిపిస్తుంది. వించెస్టర్‌లో ఆ ఏడింటిలో హవ్వ సృష్టి మొదలుకొని అంత్య తీర్పు దాకా ఉంటుంది. మొదటిసారి చేసేవాళ్లకు ఇంతకంటే మంచి నమూనా లేదు. నిలువు పట్టీ, ఏడు గుండ్రాలు, అంతే. మనం గుండ్రాల్లో బొమ్మల జోలికి పోకుండా ఉత్త బంగారమే నింపుదాం. మొదటి గుండ్రం చెడిపోయినా ఏడోదానికి చేయి కుదురుతుంది.

కావలసినవి

కాగితం: అసలు బైబిళ్లు దూడ, గొర్రె, మేక చర్మాల మీద రాశారు. సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, చట్రానికి బిగలాగి, గీకి ఆరబెట్టిన చర్మం అది. డప్పుకు వాడే తోలు కూడా ఇలాగే ఊనని (టానింగ్ చేయని) తోలే కదా, దాంతో చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. నేను ప్రయత్నించాను. అది మరీ మందం, పైగా జిడ్డు. పూత పెచ్చులుగా లేచింది. వద్దు. 300 జీఎస్‌ఎం, నూరు శాతం కాటన్, నున్నటి రకం వాటర్‌కలర్ పేపర్ తీసుకోండి.

బంగారు రేకు: 23 లేదా 24 క్యారెట్ల విడి రేకు. సాధారణంగా కట్టకు 25 రేకులు, ఒక్కోటి 8 సెంటీమీటర్ల చదరం. ఒక రేకును తొమ్మిది ముక్కలు చేస్తే ఒక్కో గుండ్రానికి ఒక ముక్క సరిపోతుంది, కాబట్టి రెండు మూడు రేకులతో పని అయిపోతుంది. ‘ఇమిటేషన్ గోల్డ్ లీఫ్’ కొనకండి. అది ఇత్తడి. మందంగా ఉంటుంది, ఊపిరి తేమకు అంటదు, కొన్నాళ్లకు నల్లబడుతుంది. మిఠాయిల మీద వేసే వెండి వరఖ్ కూడా అంతే, నల్లబడుతుంది.

పూత: గెస్సో, అంటే ప్లాస్టర్, జిగురు కలిపి రేకు కింద వేసే పూత. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. షాపులో డబ్బాలో అమ్మే ‘గెస్సో’ యాక్రిలిక్ రంగు, కాన్వాస్ కోసం చేసింది. దానిమీద ఎంత ఊదినా రేకు అంటదు. పేరు ఒకటే, వస్తువు వేరు. మనకు కావలసింది ఇంట్లో చేసుకోవాలి.

మిగతావి: అగేట్ మెరుగురాయి (నగల పనివాళ్ల సామాన్లు అమ్మే చోట అడగండి, మధ్యయుగంలో కుక్క పన్ను, తోడేలు పన్ను కూడా వాడేవారు), వృత్తలేఖిని, గట్టి పెన్సిల్, 0, 1, 3 నంబర్ల కుంచెలు, మందపాటి కాగితం చుట్టి చేసిన 10 సెంటీమీటర్ల గొట్టం, ట్రేసింగ్ పేపర్, పాత పట్టుగుడ్డ ముక్క, కొత్త బ్లేడు, గౌష్ రంగులు (నీళ్లలో కలిపి వాడే చిక్కటి రంగులు). రంగుల్లో నీలం, ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు ఉంటే చాలు.

ఒక హెచ్చరిక

అసలు రంగులే వాడాలని పట్టుపట్టకండి. అప్పటి ఎరుపు ఇంగిలీకం, అంటే పాదరసం. నారింజ రంగు సిందూరం, అంటే సీసం. పసుపుకు వాడిన హరిదళంలో ఆర్సెనిక్ ఉంటుంది. తెలుపు సీసపు తెలుపు. సన్నటి కుంచెను కొనదేలడానికి నోట్లో పెట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఈ రంగులతో అది ప్రాణం మీదికి తెస్తుంది. లాటిన్‌లో సిందూరం పేరు ‘మినియం’. చిన్న చిత్రాలకు ‘మినియేచర్’ అనే పేరు ఆ మాట నుంచే వచ్చింది. అంతగా వాడారు దాన్ని. మనం పేరు తెలుసుకుని ఊరుకుందాం, గౌష్ ట్యూబు వాడదాం.

ముందుగా గెస్సో బిళ్లలు

దీనికి నెల రోజులు పడుతుంది. క్రిస్మస్‌కు కావాలంటే అక్టోబరులోనే మొదలుపెట్టండి. అంత టైమ్ లేనివాళ్లు దీని తర్వాత చెప్పిన దగ్గరి దారులు చూడండి.

బకెట్‌లో ఐదు లీటర్ల నీళ్లు పోసి, అర కిలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కొద్దికొద్దిగా చల్లుతూ కలపండి. మొదటి గంట ఆపకుండా కలపాలి, లేకపోతే అడుగున రాయి అవుతుంది. తర్వాత రోజూ పైన తేరిన నీళ్లు వంపేసి, కొత్త నీళ్లు పోసి, ఒకసారి కలపండి. నాలుగు వారాలకు అది వెన్నలా మెత్తబడుతుంది. గుడ్డలో పిండి, ఆరబెట్టి, పొడి చేసుకోండి. సరిగ్గా అయిందో లేదో చూడాలంటే చెంచా పొడిలో నీళ్లు కలిపి గంటసేపు వదిలేయండి. గట్టిపడితే ఇంకా కాలేదు. మెత్తగానే ఉంటే అయింది.

ఇప్పుడు కొలత: ఈ పొడి 8 చెంచాలు, టైటానియం తెలుపు పొడి 3, మెత్తగా దంచిన పంచదార 1, చేప జిగురు 1, రంగు కోసం చిటికెడు కావిరాయి పొడి. పొడులు కలిపేటప్పుడు మాస్కు పెట్టుకోండి. ఇది ఈనాటి లేఖకులు వాడే కొలతే, సీసపు తెలుపు బదులు టైటానియం వేశాను. 1400 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని రాసిపెట్టిన పద్ధతి కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది: మెత్తటి ప్లాస్టర్, అందులో మూడో వంతు కంటే తక్కువ సీసపు తెలుపు, దానికంటే తక్కువ చక్కెర. ఆయన జిగురుకు గుడ్డు తెల్లసొన వాడాడు. ఆరొందల ఏళ్లుగా పెద్దగా మారలేదు చూడండి.

పంచదార ఎందుకని అడుగుతారు. అది తేమను పీల్చుకుంటుంది. మీరు ఊపిరి వదలగానే పూత జిగటగా మారేది దానివల్లే. అందుకే కాకినాడ, విశాఖ లాంటి చోట్ల వానాకాలంలో చేసేవాళ్లు పంచదార ముప్పావు చెంచాకు తగ్గించండి. లేకపోతే పూత ఎప్పటికీ ఆరదు, మెరుగురాయికి అంటుకుపోతుంది.

అన్నీ కొద్ది నీళ్లతో గాజు పలక మీద నూరండి. అరగంట తక్కువ వద్దు. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలకూడదు. ప్లాస్టిక్ షీటు మీద రూపాయి బిళ్లంత చుక్కలుగా పోసి ఆరబెట్టండి. తోలులా ఉన్నప్పుడే ఒక్కోదాన్ని ఎనిమిది ముక్కలుగా, పిజ్జా కోసినట్టు, కోయండి. జిగురు కొంత అంచుకు, కొంత మధ్యకు పోతుంది. ఇలా కోస్తే ప్రతి ముక్కలో సమానంగా ఉంటుంది. డబ్బాలో పెట్టుకుంటే ఏళ్ల తరబడి నిల్వ ఉంటాయి.

టైమ్ లేనివాళ్లకు రెండు దారులు

ఒకటి: ఫెవికాల్ లాంటి తెల్ల జిగురులో సమానంగా నీళ్లు, కొంచెం ఎర్ర రంగు కలిపి వాడటం. ఊపిరికి అంటుతుంది. కానీ ఎత్తు రాదు, అద్దంలాంటి మెరుపు రాదు. పిల్లలతో చేయించడానికి ఇది చాలు.

రెండోది నాకు ఇష్టమైనది. మధ్యయుగంలో పలచటి బంగారానికి అమోనియాకం అనే మొక్క జిగురు వాడేవారు. యునానీ వైద్యంలో దాని పేరు ఉషఖ్. హైదరాబాద్ పాతబస్తీలో యునానీ మూలికల దుకాణాల్లో ఆ పేరుతో అడిగి చూడండి. గడ్డలను దంచి, గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకడితే పాలలాంటి ద్రవం దిగుతుంది. వాసన ఘాటుగా ఉంటుంది, కిటికీ తీసి పెట్టుకోండి. రెండు పూతలు వేసి, అరగంట ఆగి, రేకు అద్దవచ్చు. చదునుగానే ఉంటుంది, కానీ రంగు లోతుగా, హాయిగా ఉంటుంది.

పని మొదలు

1. గీత. రఫ్ కాగితం మీద 3 సెంటీమీటర్ల వెడల్పు, 18 సెంటీమీటర్ల పొడవు పట్టీ గీయండి. అందులో 1.6 సెంటీమీటర్ల వ్యాసంతో ఏడు గుండ్రాలు, సమాన దూరంలో. కుదిరాక అసలు కాగితం మీదికి ట్రేస్ చేయండి. పెన్సిల్ గీత కనీకనపడనట్టు ఉండాలి. ఇక్కడి నుంచి చేతి కింద ఎప్పుడూ ఇంకో కాగితం ఉండాలి. వేలి జిడ్డు తగిలిన చోట పూత పట్టదు, ఆ సంగతి మూడు రోజుల తర్వాత గానీ బయటపడదు.

తెలుగు అక్షరమే కావాలంటే “ఆదియందు దేవుడు భూమ్యాకాశములను సృజించెను” అన్న వాక్యంలోని ‘ఆ’ తీసుకోండి. అయితే అక్షరాన్నే బంగారంతో నింపకండి. ఆ వంపుల్లో పూత సమంగా నిలబెట్టడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. అక్షరానికి నీలం వేసి, లోపలి ఖాళీల్లో బంగారం పెట్టండి. మధ్యయుగంలోనూ రంగు అక్షరం వెనక బంగారం పెట్టడం మామూలే.

2. పూత కలపడం. రెండు బిళ్ల ముక్కలను చిన్న గిన్నెలో వేసి, మునిగేంత కంటే తక్కువ నీళ్లు, నాలుగైదు చుక్కలు వేయండి. అరగంట నానాక వేలితో మెల్లగా మెదిపి, చుక్కచుక్కగా నీళ్లు కలుపుతూ మీగడలా చేయండి. గిలకొట్టకండి. బుడగలు వస్తాయి, అవి ఆరాక గుంటలవుతాయి. వచ్చినవాటిని సూదితో పొడవండి.

ముందు చిత్తు ముక్క మీద ఒక చుక్క వేసి ఆరనివ్వండి. ఈ ఒక్క పని మానేసినవాళ్లే తర్వాత తల పట్టుకుంటారు. పగిలితే చేప జిగురు చుక్క కలపండి. ఆరినా జిగటగా ఉంటే పంచదార ఎక్కువైంది, కొత్తది కలుపుకోవాలి.

3. పూత వేయడం. కాగితం బల్ల మీద పూర్తి చదునుగా ఉండాలి. ఏటవాలు బల్ల అయితే పూత ఒక పక్కకు జారి గుండ్రం వంకరవుతుంది. కుంచె నిండా ముంచి గుండ్రం మధ్యలో బొట్టు నిలబెట్టి, కుంచె కొనతో అంచుల దాకా నెట్టండి. రంగు పూసినట్టు రుద్దకూడదు, బొట్టును నడిపించాలి. కుంకుమ బొట్టు కంటే కాస్త ఎత్తుగా, మధ్యలో ఉబ్బి, అంచుల్లో పలచబడాలి. ఒకసారి వేసి మళ్లీ వెనక్కి వచ్చి సరిదిద్దకండి. సగం ఆరినదాన్ని కదిపితే గీత పడుతుంది.

ఫ్యాన్, ఏసీ ఆపి రాత్రంతా ఆరనివ్వండి. హెయిర్ డ్రయ్యర్ పెడితే తప్పకుండా పగులుతుంది.

4. పూతను పరీక్షించడం. మర్నాడు పెదవికి దగ్గరగా పెట్టి తాకించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉంది. ఆరితే, వంకర బ్లేడుతో ఎగుడుదిగుళ్లు మెల్లగా గీకి, మెరుగురాయితో తేలికగా రుద్దండి. పూత నున్నగా కనిపించాలి. ఇప్పుడు కనిపించే ప్రతి గుంట బంగారం కింద పదింతలై కనిపిస్తుంది. ఇక్కడ ఒక గంట ఎక్కువ పెట్టండి.

5. రేకు అద్దడం. దీనికి వేళ చూసుకోవాలి. గాలిలో తేమ 60, 70 శాతం మధ్య ఉంటే మేలు. తెల్లవారుజాము, వాన వెలిసిన పూట మంచివి. మే నెల మధ్యాహ్నం రెంటచింతలలో కూర్చుని ఊదితే ఊపిరి పూతను చేరేలోపే ఆరిపోతుంది. నేను మొదటిసారి చేసింది అలాంటి మధ్యాహ్నమే. ఫ్యాన్ తిరుగుతుండగా మూడు రేకులు గోడకు అంటుకున్నాయి, కాగితానికి ఒక్కటీ అంటలేదు. పొడి రోజుల్లో తప్పనిసరైతే బల్ల పక్కన వేడినీళ్ల గిన్నె పెట్టుకోండి.

రేకు ముక్కను కుడిచేతి పక్కన సిద్ధంగా ఉంచుకోండి. గొట్టాన్ని గుండ్రానికి ఒక సెంటీమీటరు ఎత్తున పెట్టి, కడుపులోంచి “హా” అని వెచ్చటి ఊపిరి వదలండి. “ఫూ” అని ఊదకూడదు. అద్దం తుడవడానికి ఎలా ఊపిరి వదులుతామో అలా. గొట్టంలో నీటిచుక్క పడితే పూత కరుగుతుంది, మధ్యమధ్య తుడవండి. ఐదారు ఊపిరులయ్యాక రెండు మూడు సెకన్లలోపే రేకు వేసి, పైన ట్రేసింగ్ పేపర్ పెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కండి. అంచుల చుట్టూ గోటితో ఒత్తండి.

1998లో అమెరికాలో మిన్నెసోటా బెనెడిక్టైన్ సన్యాసులు చేయించడం మొదలుపెట్టిన సెయింట్ జాన్స్ బైబిలుకు కూడా బ్రిటిష్ లేఖకుడు డొనాల్డ్ జాక్సన్, ఆయన బృందం చర్మం మీదే రాసి, వెదురు గొట్టంతో ఊపిరి పోసే బంగారం అద్దారు. 2011లో పూర్తయింది.

అంటని చోట మళ్లీ ఊపిరి, మళ్లీ ముక్క. అంతా అంటాక రెండో పొర వేయండి. బంగారానికి బంగారం సులభంగా అంటుతుంది, మెరుపు రెట్టింపవుతుంది.

6. మెరుగు పెట్టడం. అరగంట ఆగండి. ముందు ట్రేసింగ్ పేపర్ మీద నుంచి మెరుగురాయితో తేలికగా గుండ్రంగా రుద్దండి. తర్వాత నేరుగా రుద్దండి. రాయి జారుతూ పోవాలి. పట్టుకున్నట్టు, ఈడ్చుకున్నట్టు అనిపిస్తే అదే క్షణం ఆపేయండి. లోపల తడి ఉంది. ఇంకో గంట ఆగాల్సిందే. ఇక్కడ తొందరపడి మొత్తం పూత పెకలించుకున్నవాళ్లను చాలామందిని చూశాను. రాయిని, బంగారాన్ని మధ్యమధ్య పట్టుగుడ్డతో తుడవండి.

7. శుభ్రం చేయడం. అదనపు రేకును మెత్తటి పొడి కుంచెతో దులిపి, డబ్బాలో దాచండి. దాన్ని తేనెతో మెత్తగా నూరి, నీళ్లతో కడిగి, తుమ్మజిగురు కలిపితే కుంచెతో రాసే బంగారు రంగవుతుంది. అప్పట్లో దాన్ని గుల్ల చిప్పల్లో దాచేవారు. కాగితానికి అంటిన మరకలను బ్లేడు కొనతో గీకండి. రబ్బరు వాడితే మెరుపు మీద గీతలు పడతాయి.

8. రంగు. ఇప్పుడే, బంగారం తర్వాతే. రంగు ముందు వేస్తే రేకు రంగులోని జిగురుకూ అంటుకుంటుంది, మెరుగురాయి రంగును చెరిపేస్తుంది. పట్టీకి నీలం, గుండ్రాల చుట్టూ ఎరుపు వేయండి. ముందు చదునుగా నడిమి రంగు, ఆరాక నీడ వైపు ముదురు, ఆరాక వెలుగు వైపు లేత, చివర సన్నటి తెల్ల గీతలు, చుక్కలు.

ఆకులు, తీగలు వేయాలనుకుంటే జర్మనీలోని గొట్టింగెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్న 15వ శతాబ్దపు నమూనా పుస్తకం ఆన్‌లైన్‌లో చూడండి. ఒక ఆకును ఖాళీ గీత నుంచి చివరి తెల్ల గీత దాకా మెట్టుమెట్టుగా వేసి చూపించారు. గూటెన్‌బర్గ్ అచ్చువేసిన బైబిలు ప్రతుల్లో ఒకదాని అలంకరణ అచ్చం అలాగే ఉంటుంది.

9. చివరి గీత. సన్నటి ముదురు గోధుమరంగుతో ప్రతి గుండ్రం చుట్టూ అంచు కట్టండి. చిందరవందర అంచులన్నీ దాని కింద దాగిపోతాయి. అసలు పేజీలను దగ్గరగా చూస్తే అక్కడా అంతే. అంచు తీసేస్తే బంగారం ఎక్కడా తిన్నగా ఉండదు.

బాగా వచ్చిందో లేదో చూడటం

గది చీకటి చేసి, కొవ్వొత్తి గానీ ఫోన్ లైటు గానీ పక్క నుంచి పట్టండి. కాగితాన్ని మెల్లగా వంచుతూ చూడండి. బంగారం ఒక కోణంలో దాదాపు నల్లగా, ఇంకో కోణంలో మండుతున్నట్టు కనిపించాలి. ఎటు తిప్పినా ఒకేలా పసుప్పచ్చగా ఉంటే మెరుగు చాలలేదు, మళ్లీ రాయి పట్టండి. పెన్సిల్ మొనను దగ్గరగా పెట్టి బంగారంలో దాని ప్రతిబింబం చూడండి. మొన స్పష్టంగా కనిపిస్తే పూత నున్నగా ఉంది. అలలుగా కనిపిస్తే నాలుగో మెట్టులో గీకడం తక్కువైంది.

సన్నటి ఎర్ర చుక్కలు కనిపిస్తే అవి రేకు పట్టని చోట్లు. ఒక ఊపిరి, చిన్న ముక్క చాలు. వెంట్రుకవాసి పగుళ్లు మర్నాడు కనిపిస్తే కాగితం వంగి ఉంటుంది, లేదా పూత మరీ మందమైంది. పైపైన అతుకు వేయకండి. ఆ గుండ్రం ఒక్కటీ గీకి మళ్లీ వేయండి, పక్కవాటికి ఏమీ కాదు.

ఫ్రేము కట్టించేటప్పుడు గాజు నేరుగా బంగారానికి తగలకుండా మధ్యలో అట్ట అంచు పెట్టమని చెప్పండి. వానాకాలంలో పూత మళ్లీ కాస్త మెత్తబడుతుంది, గాజుకు అంటుకుంటే తీసేటప్పుడు బంగారం గాజుతోనే వచ్చేస్తుంది. లామినేషన్ అసలే వద్దు.